నాలుగు వరుసల పట్టిక: వెల్డింగ్ షాపు నుంచి బైబిలు పఠనం డైరీ

జనవరి, మొదటి వారం

ఈ ఏడాది పెట్టుకున్న పని ఇది: బైబిలు మొత్తం, ఒక పట్టిక ప్రకారం, రోజూ చదవడం. ఇంట్లో బైబిలు లేకనో, తెరవకనో కాదు. మా గుంటూరు వైపు క్రైస్తవుల ఇళ్లలో వాక్యానికి కొదవ ఉండదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దానం కార్డు, ఆ ఏడాదికని ఒక వచనం రాసి ఉన్నది, ఏడాదంతా అద్దం మూలన ఉంటుంది. గోడమీద క్యాలెండరు రోజుకో వచనం చూపిస్తుంది. పొద్దున్నే ఫోను తెరిస్తే పువ్వుల బొమ్మ మీద ఇంకోటి. అన్నీ విడి వచనాలే. బైబిల్లోని ఒక పత్రికను, అంటే ఉత్తరాన్ని, మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి కూర్చుని చదివినవాళ్లు చేతులెత్తండి అని గుడిలో అడిగితే పాస్టరు అయ్యగారికే ఇబ్బంది.

లెక్క చూసుకుంటే 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. పాత నిబంధనలో 929, కొత్త నిబంధనలో 260. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదికి సరిపోతుంది. మా నాన్న ఆ లెక్కనే చదివేవారు. నేను తీసుకున్నది వేరే పట్టిక. స్కాట్లండ్‌లో డండీ అనే ఊళ్లో రాబర్ట్ మర్రే మెక్‌షేన్ అనే పాస్టరు 1842లో తన సంఘం కోసం తయారు చేశాడు. రోజుకు నాలుగు అధ్యాయాలు, నాలుగు చోట్ల నుంచి. రెండు ఇంటిల్లిపాదితో, రెండు ఒంటరిగా. ఏడాది పూర్తయ్యేసరికి పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు అవుతాయి. జనవరి 1న ఆదికాండం, మత్తయి, ఎజ్రా, అపొస్తలుల కార్యములు, నాలుగూ మొదటి అధ్యాయాలే. సృష్టి మొదలు, క్రీస్తు పుట్టుక, బబులోను చెరలోంచి తిరిగొచ్చినవాళ్ల బతుకు మొదలు, సంఘం మొదలు. అది చూసే ఈ పట్టిక మీద మనసు పడింది. పైగా 1842 అంటే లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చిన సంవత్సరం. లూథరన్ ఇళ్లలో పెరిగినవాళ్లకి ఆ అంకె ఎవరూ గుర్తు చేయక్కర్లేదు.

మెక్‌షేన్ ఆ మరుసటి ఏడాదే చనిపోయాడు, 29 ఏళ్లకి. పట్టిక ఇస్తూనే దానిలో ఉన్న ప్రమాదాలు కూడా ముందే రాసిపెట్టాడు: మొక్కుబడిగా మారిపోవడం, చదువుతున్నానుగా అని మనల్ని మనమే నీతిమంతులం అనుకోవడం, మనసు పెట్టకుండా గబగబా చదివేయడం, మోయలేని కాడిలా తయారవడం. తన పట్టికకి తనే హెచ్చరిక రాసిన మనిషిని నమ్మొచ్చనిపించింది.

ఏర్పాట్లు: పొద్దున షాపు తీయకముందు రెండు అధ్యాయాలు నేను. రాత్రి కుటుంబ ప్రార్థనలో రెండు అధ్యాయాలు అందరం. మా ఆవిడ, పిల్లలు వంతులవారీగా చదువుతారు. అమ్మకి చదువు రాదు, వింటుంది. బైబిలు సొసైటీ వాళ్ల పాత అనువాదమే, అమ్మకి ఆ మాటలే అలవాటు కాబట్టి. కొలతలు రాసుకునే పొడుగు పుస్తకం ఒకటి కొత్తది తీశాను. అందులో రోజుకో వచనం, పక్కన మూడు గడులు: ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఎప్పుడన్నారు. షాపులో కొలత రాసుకునేటప్పుడు ఏ ఇల్లు, ఏ కిటికీ అని రాయకపోతే ఆ అంకెతో ఏం చేస్తాం?

ఎదుగుదల ఎలా తెలుస్తుందండీ అని మా ఆవిడ అడిగింది. తెలీదన్నాను. "పని మధ్యలో కరెంటు పోయినప్పుడు తెలుస్తుందిలే" అంది.

జనవరి, నెలాఖరు

నెహెమ్యా 3వ అధ్యాయం. పేర్ల చిట్టా అని అందరూ దాటేసే అధ్యాయం ఇది. నాకు మాత్రం ఈ నెల మొత్తంలో ఇదే నచ్చింది. యెరూషలేము గోడలో ఎవరు ఏ ముక్క కట్టారో, ఏ గుమ్మానికి తలుపులు, తాళాలు, గడియలు ఎవరు పెట్టారో వరుసగా రాసి ఉంది. గొర్రెల గుమ్మం, మత్స్యపు గుమ్మం. గేట్లు చేసుకుని బతికేవాడికి దేవుని వాక్యంలో గడియల ప్రస్తావన కనిపిస్తే ఎలా ఉంటుంది! కంసాలి, సుగంధద్రవ్యాలు చేసేవాడు కూడా గోడపనికి వచ్చారు. తెకోవ ఊరి పెద్దలు మాత్రం భుజం వంచలేదని ఆ సంగతి కూడా రాసేశారు. షల్లూము అనే అధికారి కూతుళ్లతో కలిసి కట్టాడు. పొద్దున ఒంటరిగా చదివిన అధ్యాయమే అయినా రాత్రి కూర్చున్నప్పుడు ఈ సంగతి చెప్పాను. "అయితే రేపట్నుంచి నేనూ షాపుకొస్తా" అంది మా అమ్మాయి. పదో తరగతి చదువుకోమన్నాను.

ఫిబ్రవరి

యోబు గ్రంథం మొదలైంది. ఈ నెల అసలు పని ఇక్కడే.

మా షాపు బోర్డు మీద, పేరుకి పైన, ఒక వచనం ఉంది: "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదకు నీవు మహాభివృద్ధి పొందుదువు." యోబు 8:7. షాపు ఓపెనింగ్‌కి ముందు వచ్చిన వాగ్దానం అది. మన ఊళ్లలో ఈ వచనం లేని క్రైస్తవుల షాపు వెతకాల్సిందే. కిరాణా కొట్టు, టైలరింగ్, ఆటో వెనక అద్దం, ఎక్కడ చూసినా ఉంటుంది.

పట్టిక ప్రకారం 8వ అధ్యాయం వచ్చిన రోజు పొడుగు పుస్తకంలో మొదటి గడి నింపాలి. ఎవరన్నారు? షూహీయుడైన బిల్దదు, యోబు ముగ్గురు స్నేహితుల్లో ఒకడు. ఎవరితో? యోబుతో. ఎప్పుడు? పది మంది పిల్లలు ఒకే రోజు చనిపోయి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్నప్పుడు. ఆ వచనానికి కొంచెం పైన, నాలుగో వచనంలో, నీ పిల్లలు పాపం చేశారు కాబట్టే దేవుడు వాళ్లని దానికి అప్పగించాడేమో అన్న అర్థం వచ్చేలా మాట్లాడుతున్నాడు ఈయన. నువ్వు పవిత్రుడివైతే, యథార్థవంతుడివైతే, అప్పుడు బాగుపడతావు అని షరతు. ఆ షరతు కింద వచ్చిన మాట మా బోర్డు మీదున్నది.

గడులు మూడూ నింపాక చాలాసేపు పెన్ను అక్కడే ఉంచి కూర్చున్నాను. ఓదార్పు అనుకున్న మాట, పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రి నెత్తిన కొట్టిన మాట.

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారిని అడిగాను. ఆయన నవ్వి, "చివరిదాకా చదువు. బిల్దదు అన్నాడు కాబట్టి అది అబద్ధం కాదు. బిల్దదు అన్నాడు కాబట్టి అది వాగ్దానమూ కాదు" అన్నారు. వందనాలు చెప్పి వచ్చేశాను కానీ ఆ మాట నెలంతా నన్ను వదల్లేదు.

రాత్రి పూట లూకా నడుస్తోంది. యోబు స్నేహితుల ప్రసంగాలు పొద్దున్నే చదవడం కష్టం. ముగ్గురూ ఒకటే పాట. కానీ ఒకటి గమనించాను. వాళ్ల మాటలన్నీ విడివిడిగా చూస్తే చక్కగా ఉంటాయి, క్యాలెండరుకి పనికొస్తాయి. తప్పంతా ఆ మాట ఎవరికి చెబుతున్నారన్న దగ్గరే. మా పక్క వీధిలో ఒకాయన పోయినప్పుడు పరామర్శకి వెళ్లాం. ఎప్పుడూ ఏదో ఒక వచనం చెప్పి ప్రార్థన చేసి వచ్చేవాణ్ణి. ఈసారి యోబు 2వ అధ్యాయం చివర గుర్తొచ్చింది. ఆ స్నేహితులే మొదట ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నేనూ కుర్చీ లాక్కుని కూర్చున్నాను, వాళ్లబ్బాయి మాట్లాడుతుంటే విన్నాను.

మార్చి

అమ్మాయికి పబ్లిక్ పరీక్షలు. రాత్రి రెండు అధ్యాయాలు కుదరడం లేదు, ఒకటికి దించాం. రెండోది అమ్మ కోసం ఫోన్‌లో ఆడియో పెడుతున్నాం. ఆడియో చదివే ఆయన మరీ స్పీడంటుంది అమ్మ.

యోబు 42 వచ్చింది. దేవుడు ఎలీఫజుతో, నువ్వూ నీ ఇద్దరు స్నేహితులూ నన్ను గురించి యుక్తమైనది పలకలేదు అన్నాడు. ఆ ఇద్దరిలో బిల్దదు ఉన్నాడు. అయితే అదే అధ్యాయంలో, మొదటికంటే తుదను యోబు ఎక్కువగా ఆశీర్వదించబడ్డాడు. అంటే బిల్దదు చెప్పినట్టే జరిగింది, బిల్దదు చెప్పిన కారణానికి మాత్రం కాదు. ఆ మార్పు ఎప్పుడొచ్చిందో 10వ వచనంలో ఉంది: తనని అన్ని మాటలన్న ఆ స్నేహితుల కోసం యోబు ప్రార్థన చేసినప్పుడు. ఇది బోర్డు మీద రాయించుకోవడానికి ఎవరూ ముందుకు రారు.

ఏప్రిల్

లేవీయకాండం. బైబిలు మొత్తం చదవాలని మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఆగిపోయే చోటు. పట్టికలో ఇది రాత్రి వరుసలో పడింది, దానితోపాటు కీర్తనలు. "పిల్లల ముందు ఆ కుష్ఠు పరీక్షలూ అవీ నేను చదవను, మీరే పొద్దున చదువుకోండి" అని మా ఆవిడ తేల్చి చెప్పింది. మార్చేశాం. ఇప్పుడు రాత్రి కీర్తనలే. ఇంట్లో అందరికంటే అమ్మకి సంతోషం. సగం వచనం చదవగానే మిగతా సగం ఆమె పూర్తి చేస్తోంది. చదువుకున్న మాకు పుస్తకం కావాలి, ఆమెకి అక్కర్లేదు.

నేను మాత్రం లేవీయకాండాన్ని కాగితం మీద గీసుకుని చదివాను. మొదటి ఏడు అధ్యాయాల్లో ఐదు రకాల అర్పణలు: దహనబలి, నైవేద్యం, సమాధానబలి, పాపపరిహారార్థబలి, అపరాధపరిహారార్థబలి. ఎవరు ఏం తేవాలో అడ్డంగా, ఎవరు తినొచ్చో నిలువుగా రాసుకుంటే, ఆ తలనొప్పి అంతా ఒక రేట్ల పట్టికలా తేటగా కనిపించింది. అందులో ఒక సంగతి. పాపపరిహారానికి గొర్రె తేలేనివాడు రెండు గువ్వలు తేవచ్చు. అవి కూడా తేలేకపోతే తూమెడు పిండిలో పదోవంతు. బీదవాడి దగ్గర ఏముందో చూసి బలిపీఠమే దిగి వచ్చింది.

12వ అధ్యాయం చివర: బిడ్డను కన్న తల్లి గొర్రెపిల్లను తేవాలి, తేలేకపోతే రెండు గువ్వలు గానీ రెండు పావురపు పిల్లలు గానీ. ఫిబ్రవరిలో రాత్రి పూట లూకా 2 చదివాం కదా, యేసును దేవాలయానికి తీసుకొచ్చినప్పుడు మరియ, యోసేపు తెచ్చింది గువ్వల జత. అప్పుడు ఊరికే చదువుకుంటూ పోయాం. ఇప్పుడు తెలిసింది, వాళ్లు గొర్రెపిల్లను కొనలేని ఇంటివాళ్లు అని లూకా ఎక్కడా చెప్పకుండానే చెప్పేశాడు. క్రిస్మస్ డ్రామాలో మరియకి పట్టుచీర కట్టడం గురించి మా యూత్ వాళ్లతో మాట్లాడాలి.

19వ అధ్యాయం పొడుగు పుస్తకంలో ఎక్కువ చోటు తీసుకుంది. కోతలో చేను మూలలు పూర్తిగా కోయకుండా బీదలకి వదలాలి. చెవిటివాణ్ణి తిట్టకూడదు. కూలివాని కూలి తెల్లారేదాకా దగ్గర ఉంచుకోకూడదు. త్రాసులు న్యాయంగా ఉండాలి. మేం గ్రిల్లు కేజీ లెక్కన ఇస్తాం. మా కాటా సరిగ్గానే ఉంటుంది, దాని గురించి నాకు భయం లేదు. కానీ 16 గేజ్ పైపు అని మాట్లాడుకుని, దానికంటే పలచనైన 18 వేసేవాళ్లు మా లైన్లో ఉన్నారని అందరికీ తెలుసు. కొలతలో, తూనికలో అన్యాయం చేయకూడదన్న మాట చదివితే వాళ్లు గుర్తొచ్చారు. పక్కవాడికి తగిలే వచనం త్వరగా కనబడుతుంది. కూలి మాట దగ్గర గీత గీసి వదిలేశాను.

మే

ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం మూడు గంటల్లోపు రేకుల షెడ్డు కింద పని చేయలేం. పిల్లలకి వీబీఎస్, అంటే సెలవుల బైబిలు బడి, నడుస్తోంది. పొద్దున్నే చదవడం తేలికైంది, ఎందుకంటే అందరం ఐదింటికే లేస్తున్నాం.

యాకోబు పత్రిక. మా లూథరన్ల మూలపురుషుడు మార్టిన్ లూథరుకి ఈ పత్రిక మీద పెద్ద గౌరవం లేదు, 1522లో తన కొత్త నిబంధన ముందుమాటలో దీన్ని గడ్డి పత్రిక అన్నాడు. ఆ గడ్డిలోనే 5:4 ఉంది: చేలు కోసినవాళ్లకి ఇవ్వని కూలి మొరపెడుతోంది, ఆ కేకలు సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవుల్లో పడ్డాయి. కూలివాడి మొర సంగతి తర్వాత, ముందు ఆ డబ్బే అరుస్తోందట. ఏప్రిల్‌లో గీసిన గీత పక్కన ఈ వచనం నంబరు రాసుకున్నాను.

జూన్

ఒకటో తారీఖున 88వ కీర్తన. విలాప కీర్తనల్లో చాలావరకు ఎంత ఏడ్చినా చివరికి స్తుతిలోకి తిరుగుతాయి, ఇది తిరగదు. చీకటితోనే ఆగిపోతుంది. చదవడం అయ్యాక మా చిన్నాడు పేజీ తిప్పి ఇంకేమైనా ఉందేమో చూశాడు. "లేదు, అంతే" అన్నాను. "ఇట్టాంటిది కూడా పాడేవాళ్లా?" అని అడిగాడు. పాడేవాళ్లు, అందుకే కీర్తనల్లో ఉంది అంది అమ్మ. నాన్న పోయిన ఏడాది ఆమె ఇది చదివించుకుందట. నాకీ సంగతి ఇప్పటిదాకా తెలీదు.

నెల మధ్య దాటాక ద్వితీయోపదేశకాండం 24. మళ్లీ కూలి. ఈసారి ఇంకా వివరంగా: వాడు నీ సహోదరుడైనా, నీ ఊళ్లో ఉన్న పరదేశి అయినా, సూర్యుడు అస్తమించకముందే కూలి ఇవ్వాలి, ఎందుకంటే వాడు బీదవాడు, ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. ఏప్రిల్‌లో ఒకసారి, మేలో ఒకసారి, జూన్‌లో ఒకసారి. వాగ్దానం కార్డు ఇలా వెంటపడదు, ఏడాదికోసారి వచ్చి ఊరుకుంటుంది. పట్టిక వెంటపడింది.

మా లైన్లో పద్ధతేంటంటే, వారం కూలి శనివారం రాత్రి, కస్టమరు దగ్గర వసూలయ్యాక. వసూలు కాకపోతే సోమవారం. ఎవరూ దాన్ని అన్యాయం అనుకోరు, అందరూ అంతే. షాపులో ఇద్దరు పనిచేస్తారు. ఒకడు మా పేటవాడే. ఇంకో అతను ఒడిశా నుంచి వచ్చాడు, గ్రైండింగ్, రెడాక్సైడ్ పని చూస్తాడు. ఇక మీదట ఏ రోజు కూలి ఆ రోజు సాయంత్రమే ఇస్తానని ఇద్దరికీ చెప్పాను.

"వద్దన్నా" అన్నాడు మా పేటవాడు వెంటనే. "రోజూ ఇస్తే రోజూ అయిపోద్ది. మా ఇంట్లోవాళ్లు ఊరుకోరు. శనివారమే ఇవ్వు."

రెండో అతను కాసేపు ఆగి, శనివారం అయితే చాలు కానీ సాయంత్రం లోపు ఇస్తే ఇంటికి డబ్బు వేయొచ్చన్నాడు. రాత్రి తీసుకుంటే ఆదివారం కుదరక సోమవారం పడుతుందట. అక్కడ వాళ్లమ్మ ఎదురు చూస్తుంటుంది. ఆశ పెట్టుకుని ఉంటాడు అన్న మాట మోషే ఊరికే రాయలేదు. ఇన్నేళ్లుగా పక్కనే పని చేస్తున్న మనిషి ఆశ ఏ గంటకి ముడిపడి ఉందో అడిగితేనే తెలిసింది.

కాబట్టి ఏర్పాటు ఇది: శనివారం ఐదింటికల్లా కూలి, వసూలైనా కాకపోయినా. దీనికోసం కస్టమరు అడ్వాన్సులోంచి ముందు కూలి తీసి విడిగా ఒక డబ్బాలో పెడుతున్నాను, ఆ తర్వాతే ఇనుము. మొదట ఇనుము షాపుకి కట్టేసి కూలికి వెతుక్కునే పద్ధతి తలకిందులైంది. దీనికి ఖర్చు ఉంది. అడ్వాన్సు ఇవ్వని పని ఒప్పుకోలేను. పెద్ద ఇంటి మెయిన్ గేటు పని ఒకటి అలాగే పోయింది. మా ఆవిడ ఏమంటుందోనని చూశాను. "పోతే పోయింది, ఆయన ఎట్టాగూ సగం డబ్బులు ఎగ్గొట్టే రకం" అంది. ఇది విశ్వాసమో లోకజ్ఞానమో తేల్చలేకపోయాను.

జులై

పెళ్లి ముహూర్తాలు, గృహప్రవేశాలు దగ్గరపడి పని ఒత్తిడి. పట్టికలో వెనకబడ్డాను. ఇక్కడ ఒక నిర్ణయం: వెనకబడినవి పరిగెత్తి పూర్తి చేయడం లేదు. ఈ రోజు తారీఖుకి ఉన్నది చదవడం, వదిలేసినవాటి పక్కన చుక్క పెట్టుకోవడం. చుక్కలున్నవి వచ్చే ఏడాది. ఒకేసారి పన్నెండు అధ్యాయాలు చదివి టిక్కు పెట్టుకోవడంకంటే ఇదే నయం. మోయలేని కాడి అని మెక్‌షేన్ అన్నది దీన్నే అనుకుంటా.

షాపు బోర్డు రంగు వెలిసింది, కొత్తది రాయించాలి. బిల్దదు మాట తీసేసి లేవీయకాండం 19:36, న్యాయమైన త్రాసుల వచనం రాయిద్దామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. "అది బోర్డు మీదెందుకు, కాటా పక్కన రాయించుకోండి. వచ్చేవాళ్లకి కాదుగా, మీకు కనపడాలి" అంది. బోర్డు మీద ఇప్పుడు షాపు పేరు, ఫోన్ నంబరు అంతే. ఓపెనింగ్ రోజు ప్రార్థనకి వచ్చిన ఒక పెద్దాయన, వాక్యం తీసేశారేంటి అని నొచ్చుకున్నారు. కూర్చోబెట్టి యోబు 8 ఆయన చేతే చదివించాను. చదివి, "మా ఇంటి గుమ్మం మీద కూడా ఇదే ఉంది" అన్నారు. టీ తాగి వెళ్లారు. ఆయన ఏం చేస్తారో ఆయన ఇష్టం.

ఆగస్టు

యిర్మీయా 28, 29 వరసగా వచ్చాయి. 29:11 మా అమ్మాయి ఈ ఏడాది కార్డు: "అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." కాలేజీ సీటు గురించి టెన్షన్ పడ్డప్పుడల్లా ఆ కార్డు పట్టుకునేది. సీటు వచ్చేసింది కాబట్టి ఇప్పుడు తీరిగ్గా చదువుదామని రాత్రి అందరి ముందూ ఈ రెండు అధ్యాయాలే తీశాను. పట్టికలో ఇవి పొద్దుటివే.

28లో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అంతా సర్దుకుంటుంది, బబులోను కాడి విరిగిపోతుంది అంటాడు. జనం వినాలనుకునే మాట. 29లో యిర్మీయా బబులోనుకి ఉత్తరం రాస్తాడు: డెబ్బై ఏళ్లు పడుతుంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకి పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి. ఆ తర్వాతే 11వ వచనం.

అమ్మాయి వేళ్ల మీద లెక్కేసింది. "డెబ్బై ఏళ్లంటే ఆ ఉత్తరం చదివిన పెద్దవాళ్లు ఎవరూ తిరిగి రాలేదన్నమాటేగా నాన్నా?"

చాలామంది రాలేదు. వాళ్ల మనవలు వచ్చారు. జనవరిలో ఎజ్రా, నెహెమ్యాల్లో చదివిన పేర్ల చిట్టా వాళ్లదే అని చెప్పాను. మా చిన్నాడు ఎజ్రా 2 తీసి పేర్లు చూడటం మొదలుపెట్టాడు. కార్డు అద్దం మూల నుంచి ఆమె తీయలేదు, తీయమని నేను అనలేదు. వెనకవైపు 29:5 నుంచి 7 దాకా తనే రాసుకుంది.

కుటుంబ ప్రార్థనలో మార్పు: ఇప్పటిదాకా మా చిట్టా అంతా మా ఇల్లే. ఆరోగ్యం, చదువులు, అప్పులు, ఆర్డర్లు. ఇప్పుడు రోజూ ఒక్కటైనా ఊరి గురించి చేస్తున్నాం. మా వీధి కుళాయి నీళ్లు, చివరింటివాళ్ల కోర్టు గొడవ, ఒడిశాలో మా పనివాడి ఊరి వర్షాలు. అమ్మ ప్రార్థన ముందుకంటే పొడుగైంది, అందరి పేర్లూ ఆమెకే తెలుసు కాబట్టి. మా చిన్నాడు మధ్యలో నిద్రపోతున్నాడు.

కరెంటు పరీక్ష ఈ నెలలో చాలాసార్లు జరిగింది. ఫలితం మా ఆవిణ్ణి అడగాలి, నేను చెప్పుకోకూడదు.

ఈ నెలాఖరుకి యెహెజ్కేలు మొదలు. 40వ అధ్యాయం నుంచి దేవాలయం గుమ్మాలు, గోడలు, వసారాల కొలతలు అన్నీ మూరల లెక్కలో ఉన్నాయి. ఆ మూర కూడా మామూలు మూరకి బెత్తెడు ఎక్కువ. అక్టోబరు మొదటి వారానికి అక్కడికి చేరతాం. ఈలోగా గ్రాఫు కాగితాల పుస్తకం ఒకటి కొనాలి. గుమ్మం గీయడం చిన్నాడికి, కొలతలు చదివి వినిపించడం అమ్మాయికి, లెక్క తప్పితే చెప్పడం నాకు అని ఇప్పటికే పంచుకున్నాం.